విలన్ నవ్వు మా ఇంటిది

రాబోయే సినిమాలో విలన్ ఎవడు అని కొట్టుకు చచ్చేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పట్లో ఒక సినిమా రాబోతోంది, అందులో హీరో గాల్లో ఎగురుతాడట, ఉత్త చేతులతో పిడుగులు పట్టుకుంటాడట. ఆ సంగతి ఒక్కడికీ పట్టలేదు. టీజర్లో నల్లకోటు వేసుకుని, మోకాలి లోతు సముద్రంలో అటు తిరిగి నిలబడ్డవాడు ఎవడు? అదొక్కటే కావాలి అందరికీ. ముఖం చూపించలేదు. వీపు చూపించి, పగలబడి నవ్వుతున్నట్టు భుజాలు ఊపించి, ఆ నవ్వు వినబడకుండా కోసేశారు. ఆ వీపు పట్టుకుని తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లు నెలల తరబడి వేలాడారు. తర్వాత సినిమా వచ్చింది, పోయింది. విలన్ వేసింది ఎవరని అడిగితే వాళ్లలో సగంమంది ఇవాళ తల గోక్కుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న చేసిన పుండు ఇంకా ఆరలేదు.

నేను ఉండేది రేపల్లెలో. తెనాలిలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. పొద్దున్నే ప్యాసింజరెక్కి పోవడం, సాయంత్రం మళ్లీ దాన్నే పట్టుకుని రావడం. పెళ్లి చేసుకుని, ఆ మనిషితో వేగలేక, పెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసినదాన్ని కాబట్టి రైల్లో ఆడవాళ్లు నా పక్కన కూర్చుంటే అంటుకుంటుందేమో అన్నట్టు చూస్తారు. అందుకని కుర్రాళ్లు ఎక్కే పెట్టెలోనే కిటికీ పక్కన కూర్చునేదాన్ని. వాళ్లు నన్ను అక్కా అంటారు, నా ముందే నోటికొచ్చినట్టు వాగుతారు. విలన్ గోల నా చెవిన పడింది అక్కడే.

తెనాలి వాళ్ల లెక్కన విలన్ ఒక హిందీ నటుడు. టీజర్ని ఆపి, పెద్దది చేసి చూస్తే చెవి తమ్మెకు కుట్టు కనబడిందట. బాపట్ల వాళ్లు ఒప్పుకోలేదు. ఎడమ భుజం కిందికి జారి ఉంది కాబట్టి అది పాతకాలం హీరో ఒకాయన భుజమేననీ, ఆయన సినిమాలు మానేసి కూర్చున్నది ఈ వేషం కోసమేననీ వాదించారు. రేపల్లె వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. నటుడెవరన్నది తర్వాత, కథలో వాడెవడో ముందు తేల్చాలన్నారు. హీరో చిన్నతనంలో సముద్రంలో పోయాడనుకున్న తండ్రే ఆ నిలబడ్డవాడట. కన్నకొడుకుని చంపడానికి తిరిగొచ్చాడట. ఎవరి మాట తప్పితే ఆ ఊరివాళ్లు సినిమా విడుదలనాడు థియేటర్ ముందు సగం మీసం గీయించుకోవాలని పందెం. మీసం ఇంకా సరిగ్గా మొలవనివాడు కూడా అందులో ఉన్నాడు. వీళ్లలో కొందరు నా దగ్గర చదివినవాళ్లే. చెవి తమ్మె చూసి మనిషిని పోల్చగలిగిన ఈ మేధావులు అప్పట్లో చతురస్రాన్ని చూసి ఇదేంటో చెప్పలేకపోయేవాళ్లు.

రేపల్లె ముఠాకి పెద్ద ఎవరనుకున్నారు, మా తమ్ముడు. తండ్రే విలన్ అన్న సిద్ధాంతం వాడిదే. బాపట్లలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో ఎడిటింగ్ చేస్తాడు, అక్కడే గది తీసుకుని ఉంటాడు, శనివారం సాయంత్రం ఇంటికొస్తాడు. ఫోన్లో ఒక పేజీ నడుపుతాడు, ఈ ఊహాగానాలన్నీ అందులోనే. దానికితోడు మిమిక్రీ. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ చెప్పే ఆవిడ దగ్గర్నుంచి మా హెడ్మిస్ట్రెస్ దాకా ఎవరినైనా దింపేస్తాడు. నన్ను దింపితే నేనే లేచి నిలబడి నోరుముయ్ అనబోయాను. ఇంత విద్య ఉన్నవాడు ఇంట్లో మాత్రం నోరు విప్పడు. ఆ కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. వీధిలో మాత్రం మాస్టారు అని ఎవరూ అనరు, రాజుగారు అంటారు. మా చర్చిలో క్రిస్మస్ నాటకంలో పసిపిల్లల్ని చంపించే రాజు వేషం ఆయనది. మా దగ్గర వేషాలు ఇంటిపేర్లలాగా ఇళ్లకు అంటుకుపోయి ఉంటాయి. దేవదూత వేషం కాంపౌండర్ గారి ఇంటిది, జ్ఞానులు ముగ్గురూ చెరువు పక్క వీధివాళ్లు, రాజు మా ఇంటివాడు. తాతయ్య వేశాడు, ఆయన తర్వాత నాన్న. ఊదారంగు వెల్వెట్ అంగీ, బంగారు కాగితం అంటించిన రేకు కిరీటం మా ఇనప్పెట్టెలోనే ఉంటాయి. డిసెంబరు రాగానే కలరా ఉండల వాసన పోయేలా అంగీని ఎండలో వేయడం నా పని.

నాన్న గొప్పంతా నవ్వులో ఉంది. పిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇచ్చి, సింహాసనం మీద వెనక్కి వాలి ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వుకి ముందే తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని చర్చి బయటికి వెళ్లిపోవడం ఆనవాయితీ. ఎవరైనా తల్లి మొండిగా కూర్చుంటే ఆ బిడ్డ జడుసుకుని మూడు రోజులు పాలు తాగేది కాదు. మర్నాడు ఆ కబురు విని మా నాన్న మహా సంతోషంగా ఇంకో కప్పు కాఫీ అడిగేవాడు. ఇంట్లో కూడా ఆయన రాజే. అమ్మ బతికున్నన్నాళ్లూ కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా గంభీరంగా గొంతు సవరించుకునేవాడు.

తమ్ముడు డిగ్రీ పూర్తి చేసిన ఏడాది చర్చి అయ్యగారు ఒక మాటన్నారు, ఈసారి రాజు వేషం అబ్బాయికిద్దామండి, మీరు పక్కనుండి నేర్పండి అని. నాన్న సరేనన్నాడు. వాడు ఎంత మురిసిపోయాడో నేను చూశాను. పెరట్లో బాదంచెట్టు కింద నిలబడి పొద్దస్తమానం నవ్వేవాడు, పక్కింటివాళ్లు నన్ను పిలిచి ఏమైందమ్మా అని అడిగేవాళ్లు. రిహార్సల్ నాడు చర్చి నిండా జనం. వాడు అంగీ వేసుకుని, కిరీటం పెట్టుకుని, ఆజ్ఞ ఇచ్చి నవ్వాడు. నాకు బాగానే ఉంది. నాన్న కుర్చీలోంచి లేచి వెళ్లి, వాడి భుజాల మీంచి అంగీ లాగేశాడు.

"నవ్వు మధ్యలో ఊపిరి మింగేస్తున్నాడు. వీడికి రాజెందుకండీ, గొర్రె వెయ్యండి. మాటలు కూడా ఉండవు" అన్నాడు.

చర్చి అంతా ఘొల్లుమంది. అయ్యగారు కూడా నవ్వారు, నేనేం చేయను. ఆ ఏడాది రాజు వేషం నాన్నే వేశాడు, చంటిపిల్లలు యథాప్రకారం జడుసుకున్నారు. ఆ రిహార్సల్ సాయంత్రం నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఒకే గదిలో, ఒకే చాప మీద కూర్చుని కూడా నా మీదుగా మాట్లాడుకునేవాళ్లు. మీ తమ్ముడికి ఫ్యాను తగ్గించమని చెప్పు. రాజుగారికి ఫ్యాను నేను వేయలేదని చెప్పు. నేను ఇటు తిరిగి చెప్పడం, అటు తిరిగి చెప్పడం. కొన్నాళ్లకు విసుగొచ్చి ఇద్దర్నీ తిట్టిపోశాను. ఇద్దరూ తలొంచుకుని విన్నారు, తర్వాత నాన్న నాతో, మీ తమ్ముడు అన్నం తిన్నాడేమో అడుగు అన్నాడు. ఇంకేం చెప్పను.

ఇక ఆ టీజర్ సంగతి. ఒకరోజు పొద్దున రైల్లో కుర్రాళ్లు ఫోన్ చుట్టూ మూగి ఊగిపోతున్నారు. సముద్రంలో నిలబడ్డ ఆ వీపు, ఆ ఊగే భుజాలు, ఈసారి నవ్వు కూడా వినబడుతోంది. వేమూరు స్టేషన్ రాకముందే నాకు చెమటలు పట్టాయి. ఆ నవ్వు వింటూ పెరిగినదాన్ని, పోల్చుకోలేనా? పాత క్రిస్మస్ వీడియోలోంచి నాన్న నవ్వు కోసి, ఆ వీపుకి అతికించి, లీకైన శబ్దం అని పేజీలో పెట్టాడు మా ఘనుడు. కింద ఒక వాక్యం: విలన్ రేపల్లె మనిషి, త్వరలో రుజువు. రేపల్లె వాళ్లకు పండగైపోయింది. తెనాలి వాళ్లు, ఇది చర్చిలో గొర్రెలు కాసే నాటకం ముసలాడి నవ్వురా, దమ్ముంటే రుజువు చూపించండి అని ఎక్కిరించారు. సగం మీసం ఇప్పుడే గీసుకోమని కత్తెర బొమ్మలు పెట్టారు.

ఎవరో వీధికుర్రాడు అది నాన్నకు చూపించనే చూపించాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుని పదేపదే చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. వీపు కూడా నాదిలాగే ఉందమ్మా అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెలు తోముకోవడానికి పోయాను.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. నాన్నకు ఫోన్ చెవికి ఆనించుకోవడం ఇష్టం ఉండదు, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచి, ఎదురుగా మనిషి ఉన్నట్టు మాట్లాడతాడు. గొంతు బొంగురుగా ఉంది, మధ్యమధ్య దగ్గు, మాటకు ముందు సార్, మాటకు వెనక సార్. సినిమా ప్రొడక్షన్ మేనేజర్నన్నాడు. టీజర్లో వీపు వేరొకరిదట, ముఖం ఇంకా ఖాయం చేయలేదట, డైరెక్టర్ గారు క్రిస్మస్ వీడియో చూసి ఈయనే కావాలని పట్టుబట్టారట.

"మీ అంత గొప్పగా నవ్వే నటుడు ఇండస్ట్రీలో ఇంకొకరు లేరండి" అన్నాడు చివర్లో.

ఇలాంటి ఫోన్లంటే మా నాన్నకు మామూలుగా పండగ. లాటరీ తగిలిందని చెప్పినవాడికి వ్యాకరణం తప్పులు దిద్ది మరీ తిట్టి పెట్టేసిన మనిషి. ఆ రోజు తిట్టలేదు. ఫోన్ వంక చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. అవతలివాడు హలో సార్, హలో సార్ అంటున్నాడు. అప్పుడు మెల్లగా, "భోజనం చేశారా?" అని అడిగాడు. అవతల దగ్గు ఆగిపోయింది. ఇంకా లేదండి అని వచ్చింది. వేళకు తినండి, గొంతు ఎండిపోయి ఉంది మీకు అన్నాడు నాన్న. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నదాన్ని కత్తిపీట మీదే ఆగిపోయాను. ఈ మనిషి నన్ను ఎన్నడైనా తిన్నావా అని అడిగాడా?

తర్వాత శని, ఆదివారాలు తప్ప రోజూ సాయంత్రం ఆ ఫోన్ వచ్చేది. నాన్న ముందే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చునేవాడు. మేనేజర్ కాస్త ఆలస్యం చేస్తే వీధిలోకి వెళ్లి చూసేవాడు, ఫోన్ వీధిలోంచి నడిచొస్తుందన్నట్టు. ఒకరోజు మేనేజర్ అడిగాడు, ఆ నవ్వు రహస్యం ఏంటి సార్ అని. నాన్న మొదలుపెట్టాడు. నవ్వు గొంతులో పుట్టకూడదండీ, బొడ్డు కింద పుట్టాలి, పైకొచ్చేదాకా గాలి పీల్చకూడదు, జనం ఊపిరి బిగపట్టాలి గానీ మనం కాదు. ఏదీ, మీరొకసారి నవ్వండి, డైరెక్టర్ గారికి చెప్పాలంటే మీకు తెలియాలి గదా అన్నాడు. అవతలివాడు నవ్వాడు. ఇంకోసారి అన్నాడు నాన్న. ఇంకోసారి. ఓర్పుగా, మెత్తగా, తప్పు చెప్పి, మళ్లీ చేయించి. బళ్లో పిల్లలకు కూడా ఆయన అంత ఓర్పుగా పాఠం చెప్పినట్టు నేనెరగను.

నాకు అనుమానం రాకపోలేదు. సినిమావాళ్లు ఇన్ని కబుర్లు చెబుతారా నాన్నా, ఎవడో చెవిలో పువ్వు పెడుతున్నాడేమో అన్నాను. నీకెందుకమ్మా, నీ పని చూసుకో అన్నాడు. శనివారం తమ్ముడు ఇంటికొచ్చాడు. రాజుగారికి సినిమా ఛాన్స్ వచ్చిందటగా, కంగ్రాట్స్ చెప్పు అన్నాడు నాతో. మీ తమ్ముడికి థ్యాంక్స్ చెప్పు అన్నాడు నాన్న. చెప్పాను. వాడు కంచంలోకి చూస్తూ తినేసి లేచాడు.

షూటింగ్ సూర్యలంకలో అన్నాడు మేనేజర్. బీచ్ దాటి సరుగుడు తోటల వైపు రావాలట, సొంత అంగీ, సొంత కిరీటం తెచ్చుకోవాలట, హైదరాబాదు నుంచి దుస్తుల లారీ ఇంకా రాలేదట. వినగానే నాకు తెలిసిపోయింది ఇది మోసమని. చెప్పాను, అరిచాను, సంచీ లాక్కున్నాను. నాన్న సంచీ తిరిగి తీసుకుని, రాకపోతే మానెయ్, నేను పోతాను అన్నాడు. అరవై దాటిన మనిషిని ఒక్కణ్ణే పంపలేక బడికి సెలవు పెట్టి కూడా వెళ్లాను. చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సు. ఇంట్లోనే కనుబొమలకు కాటుక దిద్దుకుని వచ్చాడు. కర్లపాలెం దాకా బస్సులో ఉన్నవాళ్లంతా ఆ కనుబొమల్నే చూశారు. ఆయన మాత్రం కొత్త పెళ్లికొడుకులాగా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సరుగుడు తోట పక్కన నలుగురైదుగురు కుర్రాళ్లు ఉన్నారు. ముఖాలకు చేతిరుమాళ్లు కట్టుకున్నారు, ఎండకట. ఒకడి చేతిలో పెళ్లిళ్లలో తిప్పే కెమెరా. గొంతులు విన్నాను, మా రైలు గొంతులే. పొద్దున్నే అక్కా కాస్త జరుగు అనే గొంతులు. నేను నోరు తెరిచేలోపు వాళ్లు నాన్నని నీళ్లలోకి దింపారు. మేనేజర్ గారేరీ అని అడిగాడు నాన్న. వస్తారు సార్, ముందు మీరు నిలబడండి అన్నారు.

వాళ్లకు మొదట కావలసింది ఫొటోలే అనుకుంటా, తెనాలి వాళ్ల ముఖాన కొట్టడానికి. నాన్న మోకాలి లోతులో అటు తిరిగి నిలబడ్డాడు. వెల్వెట్ అంగీ తడిసి బరువెక్కి కిందికి లాగుతోంది. నవ్వమన్నారు. నవ్వాడు. ఆ నవ్వుకి ఒడ్డున కుక్క లేచి పారిపోయింది. అక్కడితో వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ చేతిలో ఒక ముసలాడు, చేతిలో ఒక కెమెరా, అడిగేవాడు లేడు. ఇంకోసారి అన్నారు. ఇంకా గట్టిగా అన్నారు. పాకుతూ నవ్వమన్నారు. పాకాడు. అప్పుడొకడు షామియానా గుడ్డ మెడకు కట్టుకుని హీరోనంటూ పరిగెత్తుకొచ్చి, ఫైట్ సీన్ తాతా అని, మా నాన్న రొమ్ము మీద కాలితో తన్నాడు.

నాన్న వెల్లకిలా పడ్డాడు. అల ఒకటి ఆయన మీదుగా వచ్చి పోయింది. కిరీటం మీది బంగారు కాగితం ఊడి వేరే పోయింది, రేకు వేరే పోయింది. కాటుక చెంపల మీదికి కారింది. కుర్రాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేను చెప్పు తీసి ఆ షామియానా వెధవ మొహం మీద కొట్టాను, రుమాలు జారింది. నా దగ్గర చదివినవాడే. అక్కా సరదాకి అన్నాడు. వాడి తల్లినీ తండ్రినీ కలిపి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అందరూ ఇసకలో పడి పారిపోయారు.

వాళ్లు పారిపోయిన వైపు చూశాను. సరుగుడు చెట్ల నీడలో ఇంకొకడు నిలబడి ఉన్నాడు. మొన్నటి పుట్టినరోజుకి మా తమ్ముడికి నేను కొనిచ్చిన గళ్ల చొక్కా. ఫోన్ ఎత్తి పట్టుకుని తీస్తున్నాడు. తండ్రి పాకుతుంటే తీశాడు, పడుతుంటే తీశాడు, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. నన్ను చూసి ఫోన్ దించి చెట్లలోకి పోయాడు. ఆ బొంగురు గొంతు, ఆ దగ్గు, ఆ సార్ సార్ అన్నీ అప్పుడు నా బుర్రకెక్కాయి. దేవుడా, ఈయన చూసి ఉండకూడదు అనుకున్నాను. నాకు కావలసింది అదొక్కటే. ఎవరో వెధవలు మోసం చేశారంటే తట్టుకుంటాడు. కన్నకొడుకే గొంతు మార్చి పిలిచి, నీళ్లలో తన్నించాడని తెలిస్తే ఈ మనిషి బతకడు.

లేపి కూర్చోబెట్టాను. వాళ్లు సినిమావాళ్లు కాదు నాన్నా అన్నాను. తెలుసులే అన్నాడు. అంగీ పిండి సంచీలో పెట్టుకున్నాడు. బాపట్ల బస్టాండులో ఇడ్లీ తిందామన్నాడు, తిన్నాడు కూడా, ఇంకో ప్లేటు చెప్పాడు. నా ప్లేటు నేను అలాగే వదిలేశాను. చెరుకుపల్లి చేరకముందే ఆ వీడియో నా ఫోన్లోకి వచ్చింది. విలన్ దొరికాడు అని పేరు పెట్టారు. కింద తెనాలి, బాపట్ల, రేపల్లె అన్న తేడా లేకుండా అందరూ కలిసిపోయి ఎంత నీచంగా రాయగలరో అంత నీచంగా రాశారు. ముందు సీట్లో కాలేజీ పిల్ల ఒకతె తన ఫోన్ చూసి, వెనక్కి తిరిగి నాన్నను చూసి, మళ్లీ ఫోన్ చూసి నవ్వు ఆపుకుంది. నాన్న ఆ పిల్లను చూసి తిరిగి నవ్వాడు, పలకరించిందనుకున్నాడో ఏమో. నేను ఫోన్ ఆఫ్ చేసి సంచీలో తడి అంగీ కింద దోపాను.

ఆ సాయంత్రమే తమ్ముడు ఇంటికొచ్చాడు. మధ్యవారంలో ఎన్నడూ రానివాడు. చొక్కా మార్చుకున్నాడు గానీ చెప్పుల అంచుకి ఇసక అలాగే ఉంది. గుమ్మంలో నన్ను చూసి అక్కా అన్నాడు. నోరెత్తితే చంపుతాను, ఆయనకి తెలియదు, తెలియనివ్వకు, తిని పో అన్నాను. వాడు తలూపి వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఎదురుగా నాన్న. రెండు కంచాలు పెట్టి అన్నం, వంకాయ కూర వడ్డించాను. చారు గిన్నె వాడి నెత్తిన గుమ్మరించాలని నా చెయ్యి దురద పెట్టింది. నాన్న ముద్ద కలుపుతూ, తలెత్తకుండా అన్నాడు.

"గొంతు బాగా మార్చావు. నవ్వు దగ్గర మాత్రం ఇంకా ఊపిరి మింగుతున్నావు."

ఎవరితో అంటున్నాడో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఏ మాటైనా నా మీదుగానే పోవాలి. ఇది పోలేదు. తమ్ముడి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు. అది మేనేజర్ గొంతూ కాదు, వాడి గొంతూ కాదు.

"మొదటిరోజే. మొదటి సార్ దగ్గరే."

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. బొడ్డు కింద పుట్టాలి నవ్వు, ఇంకోసారి, ఇంకోసారి అని ఆయన ఎవరికి నేర్పాడో, భోజనం చేశారా అని ఎవర్ని అడిగాడో నాకప్పుడు తెలిసింది.

"తెలిసీ ఎందుకొచ్చావు నాన్నా?" అన్నాడు వాడు.

నాన్న ముద్ద నమిలి మింగాడు, మంచినీళ్లు తాగాడు, గ్లాసు కింద పెట్టాడు. చెంప మీద కాటుక మరక ఇంకా పూర్తిగా పోలేదు.

"రానంటే మర్నాటి నుంచి ఫోన్ చెయ్యవు గదరా" అన్నాడు.

వాడు కంచం పక్కకి నెట్టి, నాన్నా, అని ముందుకు వంగాడు. వాడి చెయ్యి ఆయన కాళ్లకి అందేంత దగ్గరికి వచ్చింది. నాన్న కాళ్లు వెనక్కి తీసుకుని మఠం వేసుక్కూర్చున్నాడు. వాడి వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"మీ తమ్ముడికి మజ్జిగ పొయ్యమ్మా" అన్నాడు.

పోశాను.